పర్మిషన్ ఉందా?



నంద్యాల గాంధీచౌక్‌లోనో ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలోనో పదిమంది చేరి ఒక బ్యానర్ విప్పబోయారనుకోండి. అది పూర్తిగా విచ్చుకోకముందే ఒక కానిస్టేబుల్ వచ్చి అడుగుతాడు, "పర్మిషన్ ఉందా సార్?" అని. అడగడం ఆయన డ్యూటీ, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి మనం ఎంతగా తలవంచడం నేర్చుకున్నామో, ఈ పూట అదే మాట్లాడదామనుకుంటున్నాను.

అందరికీ గుర్తున్న సంగతి ఒకటి ఉంది. 2024 మే 11, ఎన్నికల ప్రచారానికి ఆఖరి రోజు. నటుడు అల్లు అర్జున్ భార్యతో కలిసి నంద్యాలలో తన మిత్రుడు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా రవిచంద్ర కిశోర్ రెడ్డి ఇంటికి వచ్చాడు. వస్తున్నాడని తెలిసి ఊరు ఊరంతా ఆ వీధిలోకి వచ్చి పడింది. ఆయన పైనుంచి చెయ్యి ఊపాడు, కింద జనం ఈలలు వేశారు. ఊళ్లో 144 సెక్షన్ ఉంది, ముందస్తు అనుమతి లేదు అని రెవెన్యూ అధికారి ఒకరు ఫిర్యాదు ఇచ్చారు. టూటౌన్ పోలీసులు ఇద్దరి మీదా కేసు కట్టారు. జనాన్ని అదుపు చేయలేదని ఎన్నికల సంఘం పోలీసు అధికారుల మీద కూడా విచారణకు ఆదేశించింది. ఆ ఎన్నికలో శిల్పా రవి ఓడిపోయారు, ఎన్.ఎం.డి. ఫరూక్ గెలిచి మంత్రి అయ్యారు. కేసు మాత్రం నడుస్తూనే ఉంది. చివరికి 2024 నవంబర్ 6న హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇందులో హీరోను పక్కన పెట్టి సెక్షన్ చూడండి. పాత శిక్షాస్మృతిలో 188. అధికారి ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరించడం. మామూలుగా అయితే నెల రోజుల సాధారణ ఖైదు, లేదా 200 రూపాయల జరిమానా. ప్రాణాలకు ముప్పో అల్లరో వచ్చేలా ఉంటే ఆరు నెలలు, వెయ్యి రూపాయలు. పైగా ఈ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే, ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో స్వయంగా కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి చార్జిషీటు వేస్తే సరిపోదు. అందుకే ఈ కేసులు పైకోర్టుకు పోతే చాలావరకు నిలబడవు. ఈ సంగతి లాయర్లకే కాదు, స్టేషన్ రైటర్‌కూ తెలుసు. తెలిసీ కడతారు.

ఎందుకు కడతారు? కేసు నిలబడాల్సిన అవసరం లేదు కాబట్టి. అది ఉంటే చాలు. హైకోర్టు గుమ్మం ఎక్కగల నటుడి నెత్తిన అది దాదాపు ఆరు నెలలు ఉంది. అదే కేసు ఒక పత్తి మిల్లు హమాలీ మీదో, పాసుపోర్టుకు అర్జీ పెట్టుకోబోయే డిగ్రీ కుర్రాడి మీదో పడితే? వాయిదాకు పోయినప్పుడల్లా ఒక రోజు కూలి పోతుంది, లాయరు ఫీజు వేరు. రెండేళ్లకో మూడేళ్లకో కొట్టేస్తారు. ఆ మనిషి మళ్లీ బ్యానర్ పట్టుకోడు. పక్కింటివాడు కూడా పట్టుకోడు. ప్రభుత్వానికి కావలసింది అదైతే, శిక్ష పడకుండానే పని అయిపోయింది.

ఈ సెక్షన్లలో పెద్దది ముప్పై. "ముప్పై యాక్టు అమల్లో ఉంది" అని పోలీసులు పత్రికల్లో ప్రకటన ఇస్తుంటారే, అది 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. ఆ తేదీని మన ప్రాంతపు లెక్కలో పెట్టి చూడండి. 1857 తిరుగుబాటు జరిగి నాలుగేళ్లు. ఆళ్లగడ్డకు పక్కనే ఉన్న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసి పద్నాలుగేళ్లు. ఆ చట్టం దొరల సంతకంతో అమల్లోకి వచ్చిననాటికి ఆయన తల ఇంకా కోట గుమ్మానికి వేలాడుతూనే ఉంది, 1877 దాకా దించలేదంటారు. జనం గుమికూడితే భయపడే పాలకులు తమ భయం కొద్దీ రాసుకున్న చట్టం అది.

అయినా చిత్రమేమిటంటే, ఆ దొరలు కూడా అందులో నిషేధం అన్న మాట రాయలేదు. బహిరంగ రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా జరగాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు. అదుపు లేకపోతే శాంతికి భంగం కలుగుతుందని ఆయనకు నమ్మకం కుదిరితే, లైసెన్సు తీసుకోమనవచ్చు. దారి మార్చమనవచ్చు, వేళ మార్చమనవచ్చు. ఉల్లంఘిస్తే జరిమానా 200 రూపాయలకు మించదు. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు ఇదే గీత గీసింది. వీధుల్లో సభలను క్రమబద్ధం చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, మొత్తానికే లేకుండా చేసే అధికారం లేదు అని. 144 విషయంలోనూ అంతే. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయమైన అభిప్రాయాన్నీ నిరసననూ అణచడానికి ఆ సెక్షన్ వాడకూడదని, అదే పనిగా పొడిగిస్తూ పోవడం అధికార దుర్వినియోగమని చెప్పింది. ఇప్పుడు కొత్త చట్టాల్లో 144 పోయి 163 వచ్చింది, 188 పోయి 223 వచ్చింది. నంబర్లు మారాయి.

సుప్రీంకోర్టు గీసిన ఆ గీతను మన దగ్గర ఎలా దాటారో చూడండి. 2023 జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద, మునిసిపల్, పంచాయతీ రోడ్ల మీద సభలకు అనుమతి ఇవ్వరాదని, ఏదో అరుదైన సందర్భంలో తప్ప వద్దని దాని సారం. కారణం కల్పించింది కాదు. అంతకు ఐదు రోజుల ముందు కందుకూరులో తెలుగుదేశం సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు. ప్రాణాలు పోయాక ప్రభుత్వం ఊరుకోవాలని ఎవరూ అనరు. కానీ ఇరుకు సందులో సభ పెట్టినందుకు ప్రాణాలు పోతే, సందులో పెట్టొద్దనాలి, ఎంతమంది పడతారో లెక్కగట్టాలి, నిర్వాహకుల మీద కేసు పెట్టాలి. రాష్ట్రంలో రోడ్డన్నదంతా మూసేస్తే, పల్లెల్లో సభ ఎక్కడ పెట్టుకోవాలి? ఆళ్లగడ్డ మండలంలో ఏ ఊరికైనా పోయి చూడండి. పంచాయతీ రోడ్డు, గుడి ముందు జాగా, బడి ఆవరణ, ఇంతే. అప్పటి సి.పి.ఐ. రాష్ట్ర కార్యదర్శి కె. రామకృష్ణ కోర్టుకు వెళ్లారు. 2023 మే 12న ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ సోమయాజులు ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. ఈ ప్రధాన న్యాయమూర్తి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తారు.

అదే ఏడాది సెప్టెంబర్ 9 తెల్లవారుజామున మన నంద్యాలలోనే, ఆర్.కె. ఫంక్షన్ హాలు దగ్గర బస్సులో బస చేసిన అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడును సి.ఐ.డి. అరెస్టు చేసింది. అది స్కిల్ డెవలప్‌మెంట్ నిధుల కేసు. దాని మంచిచెడ్డలు కోర్టులు చూసుకుంటాయి, దాన్ని వాక్ స్వాతంత్ర్యం గంపలో వేయను. వేయాల్సింది ఆ తర్వాత జరిగింది. రాష్ట్రమంతా 144, ముప్పై యాక్టు, నాయకుల ఇళ్ల ముందు పోలీసులు, ధర్నాకు బయల్దేరితే హౌస్ అరెస్ట్. ఈ హౌస్ అరెస్ట్ అన్నదానికి చట్టం పుస్తకంలో విడిగా సెక్షన్ అంటూ ఏదీ లేదు. ఒక ఎస్ఐ వచ్చి గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అంతే. కాగితం ఇమ్మంటే ఇవ్వడు. అడిగేవాళ్లూ తక్కువే.

నాయకుల సంగతి అటుంచండి. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగారు. వాళ్లు అడిగింది జీతం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవల చట్టం! పసిపిల్లలకు గుడ్డు, పాలు ఇచ్చే ఆడవాళ్ల జీతం పెంచేటప్పుడు గుర్తురాని అత్యవసరం, వాళ్లు నోరు విప్పగానే గుర్తొచ్చింది. 42 రోజులు సమ్మె చేసి, చర్చలయ్యాకే విరమించారు. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు పీఆర్సీ కోసం చలో విజయవాడ అన్నప్పుడూ ఇదే కథ. ముందు రోజే నోటీసులు, బస్సుల్లో తనిఖీలు, రైల్వే స్టేషన్లలో కాపలా. అయినా వేలమంది ఏదో ఒక దారిన విజయవాడ చేరారు.

ఇక్కడ మన సీమ గురించి ఒక మాట ఒప్పుకోవాలి. కోస్తాలోనో హైదరాబాద్‌లోనో 144 అంటే ముఖం చిట్లిస్తారు. మన దగ్గర ఆ నంబరు వినగానే చాలా ఇళ్లలో ఊపిరి పీల్చుకున్న రోజులున్నాయి. నాటుబాంబులు, వేటకొడవళ్లు, జీపుల మీద దాడులు చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఎన్నికలు వస్తున్నాయంటే ముందుగా బైండోవర్లు. తహసీల్దార్ ముందుకు పోయి, గొడవకు పోనని పూచీ రాసిచ్చి రావడం. ఆళ్లగడ్డ వైపు అది ఓటరు కార్డంత మామూలు సంగతి. "సెక్షన్ పెట్టినారు, ఈ పొద్దు కొట్లాట ఉండదులే" అని తల్లులు అనుకునేవాళ్లు. వాళ్ల భయం నిజమైనది. ఢిల్లీ నుంచి వ్యాసాలు రాసేవాళ్లు దీన్ని తలుచుకోరు.

అయితే ఆ భయం మనకు ఒక అలవాటు నేర్పింది. బాంబు పట్టుకున్నవాడినీ బ్యానర్ పట్టుకున్నవాడినీ ఒకే సెక్షన్ కింద చూడటం. ముఠాల కోసం తెచ్చిన కట్టడి, ముఠాలు చల్లబడ్డాక కూడా పోలేదు. అది ఆశా వర్కర్ మీదికి, కౌలురైతు మీదికి, మునిసిపల్ కార్మికుడి మీదికి తిరిగింది. ఊరుకున్నాం.

మాటకు హద్దే ఉండొద్దని నేననడం లేదు. రాజ్యాంగంలో 19వ అధికరణమే మొదట స్వేచ్ఛ ఇచ్చి, రెండో క్లాజులో హద్దులు చెప్పింది. 2017 ఆగస్టులో నంద్యాల ఉపఎన్నిక సభలో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డి, చంద్రబాబును నడిరోడ్డు మీద కాల్చినా తప్పులేదన్న అర్థంలో మాట్లాడారు. ఎన్నికల సంఘం దాన్ని తప్పుపట్టింది, సరైన పనే చేసింది. హత్య గురించి మాట్లాడేటప్పుడు, అదీ ఫ్యాక్షన్ చూసిన గడ్డ మీద, మాటకు బరువు ఎక్కువ. కానీ అలాంటి మాటకు పనికొచ్చే కొరడాను వెటకారానికి వాడితే?

వాడారు, రెండు పక్కలా. 2017 ఏప్రిల్‌లో తెలుగుదేశం హయాంలో శాసనమండలి మీద ఒక వ్యంగ్య పోస్టు పెట్టినందుకు ఒకాయన్ని హైదరాబాద్ దాకా వెళ్లి పట్టుకొచ్చారు. 2020 మేలో వైఎస్సార్ కాంగ్రెస్ హయాంలో, విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదం మీద ప్రశ్నలు వేసిన పోస్టును పంచుకున్నందుకు గుంటూరులో ఒక పెద్దావిడకు సి.ఐ.డి. నోటీసు ఇచ్చింది. 2007లో జగన్ తండ్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చి, గొడవయ్యాక పక్కన పెట్టిన 938 జీవో ఒకటుంది. పత్రికల మీద కేసులు వేసే అధికారం అధికారులకు ఇచ్చే జీవో అది. 2019 అక్టోబర్ 30న కొడుకు ప్రభుత్వం దానికి మెరుగులు దిద్ది 2430 పేరుతో మళ్లీ తెచ్చింది. 2021 మేలో ఎంపీ రఘురామకృష్ణరాజు మీద రాజద్రోహం కేసు, ఆయన మాటలు ప్రసారం చేశారని రెండు చానళ్ల మీద కూడా అదే కేసు. రాజద్రోహం! మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడుపుతూ, తిరునల్వేలి కాల్పులను ఖండించి జైలుకు పోయింది ఆ సెక్షన్ కిందే. 113 ఏళ్ల తర్వాత స్వతంత్ర దేశంలో టీవీ చానళ్ల మీద అదే. సుప్రీంకోర్టు మే 31న ఆ చానళ్లకు రక్షణ ఇచ్చింది, రాజద్రోహానికి హద్దులు గీయాల్సిన సమయం వచ్చిందని కూడా అంది.

ప్రభుత్వం మారింది. 2024 నవంబర్ నుంచి సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు వరసగా వచ్చాయి. వాటిలో ఆడవాళ్ల మీద రాయరాని రాతలు రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్లను వెనకేసుకురావడం నా పని కాదు. కానీ 2025 జూన్ 9న జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. ఆయన నడిపిన చర్చలో మరొకరు అమరావతి గురించి నీచంగా మాట్లాడారు, ఆ మాట ఈయనది కాదు. నాలుగు రోజులకు, 13న, సుప్రీంకోర్టు ఆయన్ని విడుదల చేయమంది. వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడాలని చెబుతూనే, తన షోలో అలాంటి మాటలకు చోటివ్వొద్దని ఆయన్నీ మందలించింది. ఆ ఉత్తర్వు ఇచ్చిన ధర్మాసనంలో ఉన్నది జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా. అంతకు రెండేళ్ల ముందు జీవో 1 కొట్టేసిన న్యాయమూర్తే. అప్పుడు ఆయన్ని తెలుగుదేశం అభిమానులు మెచ్చుకున్నారు, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ అభిమానులు మెచ్చుకున్నారు. ఆయన చెప్పింది రెండుసార్లూ ఒకటే.

    

ఇంత చెప్పి, నంద్యాలకు ఉన్న ఒక ఘనత చెప్పకపోతే అన్యాయం. 1977 మార్చి. ఎమర్జెన్సీ తర్వాత ఎన్నికలు. ఇరవై ఒక్క నెలల పాటు పత్రికలకు సెన్సారు, ఎదురు మాట్లాడితే మీసా కింద జైలు. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లకు 41 ఆ పార్టీకే. మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని గెలిపించింది. నంద్యాల ఓటరు సెన్సారుషిప్పుకు బుద్ధి చెప్పాడని అంటే వినడానికి బాగుంటుంది గానీ, నేను అంత దూరం పోను. సంజీవరెడ్డి పక్క జిల్లా మనిషి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. ఓటు సగం మనిషికి పడి ఉంటుంది.

కారణం ఏదైనా, ఆ ఓటు ఎక్కడికి పోయి తేలిందో చూడండి. మన ఎంపీ లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ జూలైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎమర్జెన్సీ మళ్లీ రాకుండా గొళ్లెం పెట్టిన 44వ రాజ్యాంగ సవరణకు 1979 ఏప్రిల్ 30న ఆమోద ముద్ర వేసింది ఆయనే. "అంతర్గత కల్లోలం" అన్న సాకును ఆ సవరణ తీసేసి, సాయుధ తిరుగుబాటు అయితేనే అంది. యుద్ధం, బయటి దాడి లేని ఎమర్జెన్సీలో 19వ అధికరణం దానంతటదే ఆగిపోయే వీలు లేకుండా చేసింది. చట్టసభలో జరిగింది ఉన్నదున్నట్టు రాసే పత్రికకు రాజ్యాంగంలోనే, 361ఏ అధికరణంలో, రక్షణ ఇచ్చింది. నంద్యాల గెలిపించిన మనిషి సంతకం ఉంది దాని మీద. మన కాలేజీల్లో ఎంతమంది పిల్లలకు ఇది చెబుతున్నారు?

ఆ సవరణ పెద్ద తలుపుకు గొళ్లెం పెట్టింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పెద్ద తలుపు జోలికి పోలేదు. 30, 144, 188 అనే కిటికీల గుండా వచ్చిపోతున్నాయి. ఈ పని చేయడానికి ఇప్పుడు రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు, ఒక డీఎస్పీ నోటీసు చాలు.

2025 జూలైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లందరికీ ఒక సర్క్యులర్ పంపింది. మాటలకు, రాతలకు సంబంధించిన కేసుల్లో అలవాటుగా రిమాండ్ ఇవ్వొద్దని, సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పిన నియమాలు పాటించారో లేదో చూడమని, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలైతే ముందు ప్రాథమిక విచారణ జరగాలని. చట్టంలో లేనిదేదీ కొత్తగా చెప్పలేదు. ఉన్నదాన్ని గుర్తు చేయాల్సి వచ్చింది, అంతే.

కాబట్టి శ్రోతలకు నా విన్నపం ఇది. సభకో ధర్నాకో అర్జీ పెట్టుకున్నప్పుడు అందినట్టు రసీదు తీసుకోండి. అనుమతి లేదంటే, ఏ సెక్షన్ కింద, ఏ కారణంతో, ఎవరి ఉత్తర్వుతో లేదో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇంటి ముందు కుర్చీ వేసిన అధికారినీ అదే అడగండి, మర్యాదగానే అడగండి. పోస్టు పెట్టినందుకు స్టేషన్‌కు రమ్మంటే, ఫోన్ పిలుపుకు పోకుండా రాతపూర్వక నోటీసు ఇమ్మనండి. మునుపు 41ఏ అనేవారు, ఇప్పుడు కొత్త చట్టంలో 35 సెక్షన్ కింద వస్తుంది. మీ పార్టీవాళ్లకు అనుమతి దొరకనప్పుడు ఎలాగూ అడుగుతారు. మీకు గిట్టని పార్టీ సభకు అనుమతి లేదన్న రోజు, వాళ్లతో పాటు పోయి ఆ కాగితం మీరూ అడగండి.